చెనక్కాయల పచ్చడితో కరకరలాడే సలాడ్

‘రోజూ సలాడే తింటున్నా డాక్టరుగారూ’ అంటారు మా ఓపీకి వచ్చే షుగర్ పేషెంట్లు. అందులో ఏం కలిపారని అడిగితే మయోనైజ్ అంటారు! మెలిక అక్కడే ఉంది.

థాయ్‌లాండ్‌వాళ్ల సోమ్ తమ్ చూడండి. పచ్చి బొప్పాయి, పచ్చిమిర్చి, నిమ్మరసం, వేయించిన వేరుశనగలు... నాయుడుపేట అంగళ్లలో దొరికేవే. వాళ్లు కలిపే చేపల సాస్‌లో ఉప్పెక్కువ, బీపీ ఉన్నవారు మానేయండి. తాటిబెల్లం కూడా వేస్తారు. షుగర్ ఉంటే అదీ వద్దు, బెల్లమైనా చక్కెరే.

నలుగురికి నాలుగు కప్పుల బొప్పాయి, క్యాబేజీ, క్యారెట్, కీరా కడిగి సన్నగా తరగండి. 60 గ్రాముల చెనక్కాయ విత్తనాలు వేయించి, పొట్టు తీసి, అల్లం, పచ్చిమిర్చి, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, కాసిని నీళ్లతో పలుచగా రుబ్బండి. ఈ పచ్చడితో మనిషికి సుమారు 85 కేలరీలు, 4 గ్రాముల ప్రొటీన్ అందుతాయి. రుచిగా ఉందని రెట్టింపు వేస్తే కేలరీలూ రెట్టింపే.

వేయించే ముందు బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకున్నవి ఏరి పారేయండి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. కాలేయాన్ని దెబ్బతీసే ఈ విషం వేయించినా పూర్తిగా పోదు. ‘నాలుగు గింజలేగా’ అనుకోవద్దు.

గర్భిణులు పచ్చి బొప్పాయి బదులు క్యారెట్ ఎక్కువ వేసుకోండి. వేరుశనగ ఎలర్జీ ఉన్నవారు ఈ పచ్చడి ముట్టకూడదు.

ఉప్పు తగిలితే కూరగాయలు నీరొదిలి మెత్తబడతాయి. అందుకే తినబోయే ముందే కలపండి. పళ్లు సరిగా లేని పెద్దవారికైతే తరగకుండా తురిమి పెట్టండి.