లోహం కోసే మిల్లు తన కోత బిట్టును తానే ఎలా మార్చుకుంటుంది?

ధర్మవరంలో మగ్గం పక్కన కాసేపు నిలబడితే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. పేక రంగు మారాలంటే నాడె మారాలి. ఇంగ్లండులో రాబర్ట్ కే 1760లో మగ్గానికి డ్రాప్ బాక్సు పెట్టాడు. రంగుకో నాడెను అరల్లో ఉంచితే, కావలసిన అర దారికి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. ఇక జకార్డు మగ్గంలో అట్టల చిల్లులు ఏ పడుగు పోగు లేవాలో చెబుతాయి. 1952లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు చూపిన తొలి అంకెల మిల్లింగ్ యంత్రం కూడా చిల్లుల టేపునే చదివింది.

హిందూపురంలో ఇంటి వెనుక షెడ్డులో కంప్యూటరు నడిపే చిన్న సీఎన్‌సీ మిల్లు పెట్టుకున్నవారికి ఇదెందుకు? ఒక అల్యూమినియం పలకకు అయిదు రకాల బిట్లు కావాలనుకుందాం. ఇరవై పలకలకు వంద మార్పులు. ఒక్కోదానికి రెండు నిమిషాలు పట్టినా మూడు గంటలకు పైగా స్పానర్లతోనే సరి. అంతకంటే పెద్ద చిక్కు కొలతది. కాలెట్ అనే బిగింపులో బిట్టు బిగించిన ప్రతిసారీ లోతు మారుతుంది, మళ్లీ ఎత్తు చూసుకోవాలి. లేపాక్షి నందిని చెక్కిన శిల్పి ఉలి మారిస్తే, దాని పొడవుకు తగ్గట్టు చెయ్యే సర్దుకునేది. యంత్రానికి ఆ చెయ్యి లేదు. ప్రతి బిట్టు పొడవూ ముందే రాసివ్వాలి.

చాలామంది మొదట బిట్లు ఉంచడానికి గుండ్రంగా తిరిగే అరల చక్రం గీసుకుంటారు గానీ, అందుకే నేనైతే బిట్టును పట్టుకునే పద్ధతితో మొదలుపెట్టమంటాను. ఒక్కో బిట్టుకు ఒక్కో హోల్డరు ఇచ్చి, బిట్టును అందులోంచి మళ్లీ ఊడదీయకూడదు. చిన్న మిల్లులకు ముప్పావు అంగుళం నిటారు కాడ ఉన్న హోల్డరు నప్పుతుంది. దాని భుజం, బిట్టును తిప్పే స్పిండిల్ మొహానికి ఆనుకుంటుంది కాబట్టి పొడవు ప్రతిసారీ ఒకేలా వస్తుంది.

హోల్డరును పైకి లాగి పట్టేది డ్రాబార్. దాన్ని చిప్పలా వంగిన స్ప్రింగు వాషర్లు బిగిస్తే, గాలి సిలిండరు కిందికి నొక్కి వదిలిస్తుంది. పట్టు స్ప్రింగుకే ఎందుకు? కోత మధ్యలో కరెంటు పోయినా, గొట్టంలో గాలి దిగిపోయినా బిట్టు జారిపడకూడదు. 100 మిల్లీమీటర్ల పిస్టన్‌కు 6 బార్ల గాలి ఇస్తే దాదాపు 480 కిలోల తోపు వస్తుంది. చాలకపోతే రెండు మూడు పిస్టన్లు ఒకదానిపై ఒకటి పేర్చుతారు. ఆ తోపంతా స్పిండిల్ బేరింగుల మీద పడితే అవి పాడవుతాయి. సిలిండరును గట్టిగా బిగించెయ్యకుండా కాస్త తేలేలా కట్టి, నొక్కేటప్పుడు దాని కొక్కెం స్పిండిల్‌నే పట్టుకునేలా చెయ్యాలి. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చే ఉపాయం ఇదే.

చక్రం లేకపోతే బిట్లు ఎక్కడ పెట్టాలి? బల్ల అంచున వరసగా, నోరు తెరిచిన ఫోర్కుల్లో. మొదటి నమూనాకు ప్లైవుడ్ చాలు. స్పిండిల్ అక్కడికి వెళ్లి, పాత హోల్డరును ఫోర్కులోకి తోసి వదిలి, పైకి లేచి, కొత్తదానిమీద దిగుతుంది. బిట్లు మార్చడానికి విడిగా యంత్రపు చెయ్యి అక్కర్లేదు, మిల్లుకు ఉన్న మూడు కదలికలే చాలు.

స్పిండిల్ ఆగిందనీ, డ్రాబార్ వదిలిందనీ సెన్సరు చెప్పేదాకా ప్రోగ్రాం ముందుకు కదలకూడదు. భుజం కింద వెంట్రుకంత అల్యూమినియం రజను ఇరుక్కున్నా బిట్టు వంకరగా తిరిగి రంధ్రం పెద్దదవుతుంది. కాబట్టి హోల్డరు ఎక్కేముందు గాలి ఊది తీరాలి. లోహాన్ని కొయ్యకముందు ఒకే హోల్డరును యాభైసార్లు పెట్టించి, తీయించి, ప్రతిసారీ దాని కొనకు డయల్ గేజీ ఆనించి ముల్లు ఎక్కడ నిలిచిందో పుస్తకంలో రాసుకోండి.