ప్యాటర్న్ నుంచి పాట దాకా

డ్రమ్ముల మోతలు, సింథసైజర్, వాటిని వరసగా మోగించే సీక్వెన్సర్ ఒకే పెట్టెలో ఇమిడిన వాయిద్యం గ్రూవ్‌బాక్స్. 1996లో రోలాండ్ కంపెనీ తెచ్చిన ఎంసీ-303తో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. దాని మీద కనిపించే పదహారు మీటల వరస అంతకంటే పాతది. అదే కంపెనీ 1980 నాటి టీఆర్-808లోనే ఉంది. ఒక్కో మీట ఒక స్టెప్పు, ఆ వరసంతా కలిసి ఒక ప్యాటర్న్. మీట వెలిగిన స్టెప్పులో మోత, ఆరిన స్టెప్పులో మౌనం. సిరిసిల్లలో డాబీ బిగించిన సాంచా (మరమగ్గం) నడిచేదీ ఇలాగే. చెక్కపట్టీల గొలుసులో మేకు ఉన్న చోట పోగుల చట్రం లేస్తుంది, లేని చోట లేవదు. గొలుసు ఒక చుట్టు తిరిగేసరికి అంచు మీద అదే పువ్వు మళ్లీ మొదలవుతుంది.

చీరకు అది అందం, పాటకు గండం. నిమిషానికి 120 బీట్ల వేగంలో, బీటుకు నాలుగు స్టెప్పుల చొప్పున, 16 స్టెప్పులు 2 సెకన్లలో అయిపోతాయి. నాలుగు నిమిషాల పాటకు ఆ చుట్టు 120 సార్లు తిరగాలి. ప్యాటర్న్‌లను వరసగా కలిపే సాంగ్ మోడ్ పుట్టింది ఇందుకే. అయితే అది అన్ని పెట్టెల్లోనూ ఉండదు. 2017 నాటి ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్‌కు కూడా తర్వాతి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో గానీ రాలేదు.

బతుకమ్మ పాటను ఈ పెట్టెలో కట్టాలంటే సినిమా పాటలోని పల్లవి, చరణాల లెక్క పనికిరాదు. ఒకామె చెప్పే మాటలు మారుతుంటాయి. బాణీ, వంత మాత్రం మారవు. కాబట్టి మార్పంతా తాళం వైపు నుంచే రావాలి. తిస్ర గతిలో నడిచే పాటైతే ప్యాటర్న్ పొడవును 12 స్టెప్పులకు తగ్గించాలి. అప్పుడు బీటుకు మూడే స్టెప్పులు. పెట్టె మాత్రం నాలుగేసి లెక్కపెడుతుంది గనుక, 96 వేగం కావాలంటే 72 అని పెట్టాలి.

ముందుగా చప్పట్లు, డప్పు, బేస్ అన్నీ ఉన్న నిండు ప్యాటర్న్ ఒకటి కట్టి, దాన్ని కాపీ చేసి, కాపీల్లోంచి ఒక్కొక్కటే తీసేయడం తేలిక. కొత్తవాళ్లు చేర్చుకుంటూ పోయి ఇరుక్కుంటారు. ఆ తర్వాత కాపీలను వరసలో పేర్చాలి: చప్పట్లొక్కటే ఎనిమిది చుట్లు, తర్వాత డప్పు, ఆపైన బేస్. నడుమ ఒకచోట బేస్‌ను మ్యూట్ చేస్తే, అది తిరిగి వచ్చినప్పుడు పాట లేచినట్టు వినిపిస్తుంది. డప్పులో ఒక దెబ్బను నాలుగు చుట్లకొకసారే పడేలా పెట్టే వీలు కొన్నిటిలో ఉంది. ఆ ఒక్క దెబ్బతో యంత్రపు వాసన చాలావరకు పోతుంది.

ముగింపును విడిగా చూసుకోవాలి. చివరి ప్యాటర్న్ అయ్యాక చాలా పెట్టెలు మళ్లీ మొదటికే వెళ్తాయి. అలా వెళ్లకుండా వరస చివర ‘స్టాప్’ పెట్టాలి. ఆ సదుపాయం లేకపోతే ఒక ఖాళీ ప్యాటర్న్ చేర్చి, అది నడుస్తుండగా చేత్తో ఆపాలి.