మన్ను లేని రామములగ

రామములగ అనండి, తక్కాళి అనండి, టమాటా అనండి. స్థిరపడిన ఊరిని బట్టి మనవాళ్ళు పేరు మార్చుకున్నారు గాని, అది లేకుండా ఏ ఇంటా వారం గడవదు. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటి, కొన్ని పట్టణాలలో రెండు వందలకు కూడా పోయినప్పుడు, మిద్దెమీద నాలుగు మొక్కలు వేసుకుందామని చాలామందికి తోచింది. మన్నే అక్కరలేకుండా, వేళ్ళను గాలిలో వేలాడదీసి ఆ మొక్కలను పెంచే పద్ధతి ఒకటి వున్నది. దానిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

పద్ధతి నిన్నటిది కాదు. ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కాఫీ, టమాటా మొక్కలను ఇలా పెంచి, 1957లో దీనికి ఏరోపోనిక్స్ అని పేరు పెట్టాడు. మూతగల పెద్ద డబ్బా, మూతకు రంధ్రాలు. కాండం పైన వెలుతురులో, వేళ్ళు లోపల చీకటిలో. అడుగున లవణాలు కలిపిన నీరు. చిన్న పంపు కొద్ది నిమిషాలకొకసారి ఆ నీటిని సన్నని తుంపరగా వేళ్ళమీద చల్లుతుంది. మిగిలినది కిందికి జారి మళ్ళీ పనికివస్తుంది. నీటి పి.హెచ్. 5.5, 6.5 మధ్య వుండాలి. పేడనీళ్ళ వంటివి పోయరాదు, తుంపర రంధ్రాలు పూడిపోతాయి.

అసలు చిక్కు కరెంటుతో. ఒక పూట నీరు పోయడం మరచినా మట్టిలోని తేమ మొక్కను కాపాడుతుంది. గాలిలో వేలాడే వేరుకు ఆ ఆధారం లేదు. ఎండాకాలం మధ్యాహ్నం పంపు ఆగితే కొద్ది గంటల్లోనే మొక్క వాడిపోతుంది, మళ్ళీ తేరుకోకపోవచ్చు. బ్యాటరీ ఏర్పాటు లేనివారు దీని జోలికి పోకపోవడమే మేలని మా అభిప్రాయం. ఇంటిల్లిపాదీ పెళ్ళిళ్ళకు తరలివెళ్ళేవారు మరీ ఆలోచించాలి. మనవాళ్ళకు పెళ్ళంటే ఒక్క రోజుతో తీరదు గదా!

ఎండ సంగతీ చూసుకోవాలి. తొట్టిలో నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గి వేళ్ళు కుళ్ళుతాయి. దానిని నీడన వుంచండి. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, తుంపర దానిని ఆపలేదు. బెంగుళూరు, హోసూరు వారికి చల్లదనం కలిసివస్తుంది. చెన్నై, యానాం వారు ఎండలు బాగా తగ్గాకనే నాటుకోవాలి.

పంపు, లవణాల ఖర్చు లెక్కవేస్తే అంగడి కాయకన్నా ఇది చవక కాదు. ముచ్చటపడేవారు మొదట రెండు మొక్కలు, అందులోనూ చిన్నకాయ రకం పెట్టుకోండి. తీగకు తాడు కట్టి, పూత వచ్చాక రోజూ ఉదయం గుత్తులను వేలితో మెల్లగా తట్టండి. పుప్పొడి రాలి పిందె పడుతుంది.