సముదాయ మ్యూజియం: డిస్ట్రిక్ట్ సిక్స్ అనుభవం

పరిచయం

మ్యూజియం అనగానే మీకు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం గుర్తుకు రావచ్చు. అక్కడ ఒక సంపన్న కుటుంబం సేకరించిన అపురూప వస్తువులను చూసి వస్తాం. సముదాయ మ్యూజియం ఇందుకు భిన్నమైనది. అందులో ఒక ప్రాంత ప్రజలు తమ చరిత్రను తామే సేకరించి, తామే చెబుతారు. వస్తువు విలువను దాని ఖరీదు కాక, దానితో ముడిపడిన జీవితాలు నిర్ణయిస్తాయి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో ఉన్న డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం ఆధారంగా ఈ తేడాను పరిశీలిద్దాం.

నేపథ్యం

1867లో నగరపు ఆరవ మునిసిపల్ విభాగంగా ఏర్పడటం వల్ల ఈ పేటకు ఆ పేరు వచ్చింది. బానిసత్వం నుంచి విముక్తులైనవారు, చేతివృత్తులవారు, వర్తకులు, కూలీలు, వలస వచ్చినవారు ఇక్కడ పక్కపక్కనే నివసించారు. ఏ జాతివారు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించేందుకు 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. దాని కింద 1966 ఫిబ్రవరి 11న ఈ పేటను తెల్లవారికి మాత్రమే కేటాయించారు. ఆ తరువాత 60,000 మందికి పైగా ప్రజలను నగరానికి దూరంగా ఉన్న కేప్ ఫ్లాట్స్‌కు తరలించారు. ఇళ్లను కూల్చివేశారు. కొన్ని ప్రార్థనా స్థలాలు మాత్రం మిగిలాయి.

జ్ఞాపకాల సేకరణ

ఈ మ్యూజియం 1994 డిసెంబరులో ఒక పాత మెథడిస్టు చర్చి భవనంలో ప్రారంభమైంది. ఊరే లేనప్పుడు ఊరి చరిత్రను ఎలా భద్రపరచాలి? వారు అనుసరించిన మూడు మార్గాలు గమనించండి.

1. నేలపై పెద్ద పటం పరిచారు. పూర్వ నివాసులు తమ వీధిని వెతుక్కొని, ఇల్లు ఉన్నచోట తమ పేరు రాశారు.
2. వీధుల పేర్ల పలకలను వేలాడదీశారు. కూల్చివేత పనిలో ఉన్న ఒక వ్యక్తి వాటిని పారవేయకుండా దాచి ఉంచాడు.
3. పొడవైన వస్త్రంపై వచ్చినవారు తమ మాటలు రాస్తే, వాటిని దారంతో కుట్టి నిలిపారు.

పూర్వ నివాసులే అక్కడ మార్గదర్శకులుగా సందర్శకులకు తమ కథ చెప్పారు.

జ్ఞాపకం, సాక్ష్యం

జ్ఞాపకం ఎప్పుడూ సంపూర్ణం కాదని మీరు గుర్తుంచుకోవాలి. పోగొట్టుకున్న ఊరు మనసులో మరింత అందంగా మారుతుంది. కొందరి కథ మరుగున పడుతుంది. డిస్ట్రిక్ట్ సిక్స్ నుంచి నల్లజాతి ఆఫ్రికన్లను 1901లోనే ప్లేగు పేరుతో వెళ్లగొట్టారు. 1966 నుంచే కథ మొదలుపెడితే వారికి చోటుండదు. అందుకే ఈ మ్యూజియం 1901 నాటి తరలింపును కూడా తన చరిత్రలో చేర్చింది. మౌఖిక చరిత్రను పత్రాలతో, పటాలతో, మరొకరి మాటతో సరిపోల్చాలనే సూత్రానికి ఇది మంచి ఉదాహరణ.

ఈ చరిత్ర గతంతో ముగిసిపోలేదు. 1994లో భూమి హక్కుల పునరుద్ధరణ చట్టం వచ్చాక, ఎవరు ఎక్కడ నివసించారన్నది హక్కుకు సంబంధించిన ప్రశ్న అయింది. 2004లో నెల్సన్ మండేలా తిరిగివచ్చిన తొలి నివాసులకు ఇంటి తాళంచెవులు అందజేశారు. అయితే చాలామంది ఆ రోజు రాకముందే కన్నుమూశారు.

మన ప్రాంతానికి అన్వయం

శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని తరలించి అలంపురంలో పునర్నిర్మించారు. గుడి దక్కింది. మరి మునిగిన ఊళ్లలో ఏ ఇల్లు ఎక్కడుండేదో, బావి దగ్గర ఎవరికి అనుమతి ఉండేదో, ఎవరికి ఉండేది కాదో చెప్పగలవారు ఏటా తగ్గిపోతున్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీకు తెలిసిన ఒక వృద్ధురాలిని లేదా వృద్ధుని తమ చిన్ననాటి వీధి పటం గీయమని కోరండి. ఆ పటాన్ని వేరే వాడకు చెందిన మరొకరికి చూపండి. వారు ఏమి చేర్చారో, ఏమి కాదన్నారో ఒక పేజీలో రాయండి. ఈ పనిని వాయిదా వేయకండి.