సీసాలో మిగిలిన చిరునామా

1920ల్లో లండన్ జూకి హాంకాంగ్ నుంచి ఒక రాకాసి సాలమాండర్ వచ్చింది. బల్లపరుపు తల, పొట్టి కాళ్లు, ఎప్పుడూ తడిగా ఉండే ముడతల చర్మం. కప్పలకు దూరపు చుట్టం. చైనాలో అప్పటికే తెలిసిన సాలమాండర్ వేరు, ఇది వేరు అని ఎడ్వర్డ్ బౌలెంజర్ అనే జంతుశాస్త్రజ్ఞుడికి అనిపించింది. 1924లో దీన్ని కొత్త జాతిగా ప్రకటించి, జూకి ఇచ్చిన స్లైగో ప్రభువు పేరు మీద ‘స్లైగోయి’ అన్నాడు. ఆ మాట నిలబడలేదు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయని, చైనా మొత్తానికీ జాతి ఒక్కటేనని తర్వాతివాళ్లు తేల్చేశారు. ఆ జీవి ఇరవయ్యేళ్లు జూలో బతికి, చనిపోయాక మ్యూజియం చేరింది.

చూపుకి తేడా తెలియకపోయినా లక్షల ఏళ్లుగా విడివిడిగా బతుకుతున్న జీవుల్ని గుప్త జాతులంటారు. వాటిని పట్టుకోవడానికి ఇప్పుడు డీఎన్ఏ ఉంది. అలాంటప్పుడు బతికున్న సాలమాండర్లను పరీక్షిస్తే సరిపోదా, చచ్చినవాటితో పనేమిటి?

చైనాలో వాటి మాంసం ఖరీదైన విందు వంటకం. దాని కోసం ఏ నదిలో దొరికినవాటిని ఆ నదిలోంచి పట్టి, వేల కిలోమీటర్లు తరలించి, ఫారాల్లో కలిపి పెంచారు. పైగా సంరక్షణ పేరుతో ఫారాల పిల్లలనే మళ్లీ నదుల్లో వదిలారు. మంచి ఉద్దేశంతోనే కావచ్చు, కానీ జరిగిన చెడుపు చిన్నది కాదు. 2018లో వెలువడిన ఒక సర్వేలో 97 చోట్ల గాలిస్తే నాలుగు చోట్ల మాత్రమే సాలమాండర్లు కనిపించాయి. అవి కూడా అక్కడివేనని ఎవరూ నమ్మకంగా చెప్పలేకపోయారు. ఇవాళ యాంగ్జీ నదిలో ఒకటి దొరికితే, దాని ముత్తాతలు కూడా యాంగ్జీవే అనడానికి ఆధారం లేదు. వ్యాపారం మొదలవకముందు పట్టి, ఫలానా చోట దొరికిందని చీటీ కట్టి దాచిన జీవికే ఆ సంగతి తెలుసు.

అందుకే లండన్ జువలాజికల్ సొసైటీకి చెందిన శామ్యూల్ టర్వీ బృందం పాత మ్యూజియం నమూనాలను పట్టుకుంది. ఆ పని తేలిక కాదు. ప్రాణం పోయిన క్షణం నుంచి డీఎన్ఏ తెగిపోతూ ఉంటుంది. సారాయిలో, అంటే ఆల్కహాల్‌లో ఉంచినవి కొంత నయం. ఫార్మలిన్‌తో మరీ చిక్కు. అది శరీరాన్ని కుళ్లనివ్వదు గాని, డీఎన్ఏని ప్రొటీన్లకు అంటగట్టేస్తుంది. వందేళ్ల తర్వాత చేతికొచ్చేవి తరచుగా వంద అక్షరాలు కూడా లేని తునకలు. చిరిగిన కాగితపు ముక్కలను, అదే పుస్తకం మంచి ప్రతిని పక్కన పెట్టుకుని ఒక్కొక్కటిగా అమర్చినట్టు, వీటిని దగ్గరి జీవి డీఎన్ఏతో పోల్చి పేరుస్తారు. కణంలో వందల కొద్దీ ప్రతులుంటాయి కనుక మైటోకాండ్రియా డీఎన్ఏనే ముందు వెతుకుతారు. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది, కాబట్టి తండ్రి వైపు కథ చెప్పదు. సంకరాల విషయంలో ఇది పెద్ద లోటే.

ఇంకో బెడద మనిషి. నమూనాను తాకిన ప్రతి చెయ్యీ తన డీఎన్ఏని దాని మీద వదులుతుంది. అందుకే ప్రత్యేక గదులు, తొడుగులు, మాస్కులు. అయితే పాత డీఎన్ఏకి ఒక గుర్తు ఉంటుంది. తునకల చివర్లలో ‘సి’ అక్షరం పాడై ‘టి’గా చదవబడుతుంది. శిథిలమే పాతదనానికి సాక్ష్యమన్నమాట! 1984లో కాలిఫోర్నియాలో అలన్ విల్సన్ ప్రయోగశాల, అంతరించిన క్వాగ్గా అనే చారల జంతువు తోలు నుంచి డీఎన్ఏ తీసినప్పుడు ఇన్ని హంగులు లేవు.

2019లో ఫలితం వచ్చింది. 17 మ్యూజియం నమూనాలను, ప్రకృతిలో సేకరించిన కణజాలాలను పోలిస్తే మూడు వేర్వేరు వంశాలు తేలాయి. 31 లక్షల నుంచి 24 లక్షల ఏళ్ల కిందట, టిబెట్ పీఠభూమి పైకి లేస్తూ పర్వతాలు నదులను వేరు చేస్తున్న కాలంలో అవి విడిపోయాయి. బౌలెంజర్ చెప్పింది నిజమే. స్లైగోయి సుమారు 1.8 మీటర్ల దాకా పెరగగలదని, ప్రపంచంలోని ఉభయచరాలన్నింటిలో అదే పెద్దది కావచ్చని బృందం అంచనా.

ఈ పద్ధతి మన కడప అడవులనూ తాకింది. 1986లో లంకమల దగ్గర మళ్లీ కనిపించిన కలివికోడి అనే పిట్ట గుడ్డు ఎలా ఉంటుందో రూఢిగా చెప్పే ఆధారం చాలాకాలం లేదు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక గుడ్డు ఉంది. కోలార్ బంగారు గనుల్లో పశువైద్యుడిగా పనిచేసిన వ్యక్తి 1917లో సంపాదించినది. దాని డీఎన్ఏని పాత కలివికోడి నమూనాతో పోల్చాకే అది ఆ పిట్టదేనని ఖాయమైంది.

స్లైగోయి చైనా నదుల్లో ఇంకా ఉందో లేదో తెలియని స్థితిలో, 2024లో క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కబురు చెప్పారు. ఎప్పుడో జపాన్‌కి దిగుమతైన సాలమాండర్లకు డీఎన్ఏ పరీక్షలు చేస్తే వాటిలో నాలుగు స్లైగోయి అని తేలింది. అప్పటికి రెండు బతికున్నాయి, ఒకటి టోక్యోలోని సన్‌షైన్ అక్వేరియంలో. రెండూ మగవే. ఆడదాన్ని వెతకాలంటే చైనా ఫారాల్లోకే వెళ్లాలి, కలగలిసిపోయిన ఆ మందలో ఒక్కొక్కదానికీ పరీక్ష చేస్తూ.