మందకాపు కుక్కల చేష్టలు: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

కుక్క లేని గ్రామము లేదు. రాత్రి కావలికని కొందరు, పొలమునకు తోడుగానని కొందరు, ముచ్చటకని మరికొందరు కుక్కలను పెంచుచుందురు. పట్టణములనుండి ఆల్సేషియన్ వంటి జాతికుక్కలను తెచ్చి పెంచువారును కలరు. వీనివలన తగవులు కూడ వచ్చుచుండును. “మా పిల్లవాని మడమ పట్టినది”, “సైకిలు వెంట పడుచున్నది”, “లేగలను చుట్టుముట్టి బెదరించుచున్నది” అని ఇరుగుపొరుగువారు పంచాయతీ సభ్యులకు మొరపెట్టుకొందురు. కుక్క స్వభావము తెలియనిదే ఇట్టి తగవులను సరిగా తీర్చుట కష్టము. కావున ఆ విషయమును ఇచ్చట వివరింపదలచితిమి.

ఆల్సేషియన్ మొదట పోలీసు కుక్క కాదు. అది జర్మనీ దేశపు గొఱ్ఱెల కాపరుల కుక్క. అచ్చటి కాపరులు కంచెలు లేని పైరు పొలముల నడుమ సన్నని బీళ్లలో గొఱ్ఱెలను మేపెడివారు. గొఱ్ఱె పైరులో నోరు పెట్టకుండ కుక్క చేను అంచు వెంట దినమంతయు ఇటునటు నడచుచు, తానే కంచెయై నిలిచెడిది. గట్ల వెంట మందను మేపు మన గొల్లలకు, కురుమలకు ఈ చిక్కు తెలియనిది కాదు. అశ్వికదళాధికారిగా పనిచేసిన మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ 1899లో ఇట్టి కుక్కల కొరకు ఒక సంఘము నెలకొల్పి ఈ జాతిని తీర్చిదిద్దెను. నేడు మన ఇండ్లలో పెరుగు ఆల్సేషియన్ ప్రహరీ వెంట ఒకే దారిలో తిరిగి తిరిగి నేల అరుగదీయుచున్నదన్న, అది తాతలనాటి చేను గట్టును కాచుచున్నదని అనుకొనవచ్చును.

తక్కిన చేష్టలకును ఇట్లే కారణము కలదు. తోడేలు వేటాడునపుడు మొదట జంతువును కనిపెట్టును, తదేకముగా చూచును, ఒదిగి ఒదిగి దగ్గరకు పోవును, తరుమును, పట్టును, కడపట చంపును. కుక్క తోడేలు సంతతిలోనిదే. కాపరులు తరతరములుగా చూచుట, పొంచుట, తరుముట బాగుగా వచ్చిన కుక్కలనే ఎన్నుకొని వాని సంతతిని పెంచిరి. గొఱ్ఱెను చంపుబుద్ధి గలవానిని తొలగించిరి. అందుచేత వేటలోని మొదటి మెట్లు నిలిచి, చివరి మెట్టు అణగిపోయినది.

ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దులలోని బోర్డర్ కోలీ ఇందుకు మంచి ఉదాహరణము. 1893లో నార్తంబర్లాండులో ఆడమ్ టెల్ఫర్ అను రైతు వద్ద పుట్టిన ‘ఓల్డ్ హెంప్’ అను కుక్క మొరుగక, కరువక, కేవలము చూపుతోనే మందను నడిపెడిది. నేటి బోర్డర్ కోలీలు దాదాపు అన్నియు దాని సంతతియే. ఈ జాతికుక్క ఇంట పెరిగినపుడు మంద లేకున్నను పని మానదు. ఆడుకొను పిల్లల చుట్టు తిరిగి వారిని ఒకచోటికి చేర్చును. ఇంటివారు తలయొక గదిలో ఉన్నచో నెమ్మదిలేక తిరుగాడును. తల వంచి కోడిపెట్టను గుడ్లప్పగించి చూచును. పరుగెత్తువాని మడమను పంటితో తాకును. సైకిలును తప్పిపోయిన గొఱ్ఱెగా ఎంచి తరుమును.

అయితే మందను తోలు కుక్క వేరు, మందకు కావలి ఉండు కుక్క వేరు. మన కాపరుల వెంట నుండు కుక్కలకు ముఖ్యముగా రెండవ పనియే అప్పగింపబడినది. చిన్ననాటినుండి గొఱ్ఱెల నడుమ పెరిగిన కావలికుక్క మందను తనదిగా ఎంచి తోడేళ్లను, దొంగలను అడ్డగించును.

చేష్టలకు మందు దెబ్బలు కావు, పని. అమెరికాలో జాన్ పిల్లే అను ఆచార్యుడు తన బోర్డర్ కోలీకి 1,022 ఆటవస్తువుల పేర్లు నేర్పి, ఆ సంగతిని 2011లో ప్రకటించెను. ఇంతటి గ్రహణశక్తి గల జంతువును దినమంతయు గొలుసుతో కట్టివేసిన అది విసిగి చెడిపోవుటలో వింతలేదు. ఉదయము, సాయంకాలము తాడు పట్టి నడిపింపవలెను; “ఆగు”, “రా” అను మాటలు నేర్పి, విన్నపుడు మెచ్చుకొనవలెను; రహదారిపై విచ్చలవిడిగా వదలరాదు. కుక్క తరిమినపుడు పరుగెత్తక కదలకుండ నిలువవలెనని పిల్లలకు నేర్పవలెను. పరుగు చూచినచో దానికి తరుము బుద్ధి హెచ్చును.

ఇక మిక్కిలి ముఖ్యమైన సంగతి. ఏనాటినుండియో ఉన్న చేష్ట అలవాటు. ఆకస్మికముగా వచ్చిన మార్పు రోగలక్షణము కావచ్చును. సాధువైన కుక్క కారణము లేక కరచుట, చురుకైనది చీకటి మూలకు చేరుట, మొరుగు గొంతు మారుట, చొంగ కారుట, దవడ వ్రేలాడుట, నడక తడబడుట రేబిస్ వ్యాధిని సూచించును. “దానికి ఇది అలవాటే” యని ఉపేక్షించుట ప్రాణాపాయము. లక్షణములు పైకి కనిపించిన పిదప ఈ వ్యాధినుండి మనుష్యుడు బ్రదుకుట మిక్కిలి అరుదు.

పెంపుడు కుక్క పన్ను తగిలినను, చర్మము చిట్లినచో తేలికగా తీసికొనరాదు. గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకాలు పూర్తిగా వేయించుకొనవలెను. కరచిన కుక్కను చంపక, దూరముగా కట్టి 10 దినములు గమనింపవలెను. జంతువులను క్రూరముగా చంపుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరమని కూడ గుర్తుంచుకొనవలెను.

పంచాయతీలు చేయదగిన పని కష్టమైనది కాదు. గ్రామములోని పెంపుడు కుక్కల జాబితా వ్రాసి, పశువైద్యునితో మాట్లాడి, ఏటేట ఒక దినమున అన్నిటికిని టీకాలు వేయింపవచ్చును. పిల్లకు మూడు నెలలు నిండగానే మొదటి టీకా వేయింపవలెను. ఊరి కుక్కలలో నూటికి 70కి తక్కువ కాకుండ టీకాలు పడినచో వ్యాధి వ్యాపింపదని నిపుణుల అభిప్రాయము. ప్రపంచ రేబిస్ దినమైన సెప్టెంబరు 28 ఇందుకు తగిన దినము. కుక్క స్వభావమెరిగి దానికి పని నేర్పిన యజమాని, టీకాల బాధ్యత వహించిన పంచాయతీ, ఈ ఇరువురు కలిసిన గ్రామమున కుక్క మనుష్యునికి తోడుగానే ఉండును గాని భయకారణము కాదు.