కొండవాలుపై అర అంతస్తుల ఇల్లు

వాలు నేలపై ఇల్లు కట్టదలచినవారు సాధారణంగా మొదట ఆ వాలునే లేకుండా చేస్తారు. ఎగువ వైపు కొండను నిటారుగా కోసి, వచ్చిన మట్టిని దిగువకు నెట్టి, మైదానంలో కట్టే ఇంటికి సరిపడే చదునును సిద్ధం చేసుకుని, కోసిన చోట రిటైనింగ్ వాల్, అంటే వెనుక మట్టి జారిపడకుండా ఆపే గోడ, నిర్మిస్తారు. స్ప్లిట్ లెవల్ ఇల్లు ఇందుకు భిన్నమైనది. అందులో వాలును బట్టి ఇంటి అంతస్తే రెండు మూడు భాగాలుగా విడిపోయి, ఒక్కో భాగం పక్కదానికంటే దాదాపు అర అంతస్తు ఎత్తులోనో పల్లంలోనో ఉండగా, వాటిని చిన్న మెట్లవరుసలు కలుపుతాయి. ఈ అమరికను చాలామంది అందం కోసమే మెచ్చుకుంటారు గాని, దాని అసలు ప్రయోజనం మట్టి లెక్కల్లో ఉంది.

ప్రతి 3 మీటర్ల దూరానికి 1 మీటరు చొప్పున ఎత్తు పెరిగే వాలు మీద 9 మీటర్ల లోతు, 12 మీటర్ల వెడల్పు గల ఇల్లు కట్టాలనుకుంటే, ముందు గోడ నుంచి వెనుక గోడకు చేరేసరికి నేల 3 మీటర్లు, అంటే సుమారు ఒక అంతస్తు, లేస్తుంది. మొత్తం స్థలాన్ని దిగువ మట్టానికి కోయాలంటే 162 ఘనపు మీటర్ల మట్టి తవ్వి, వెనుక 3 మీటర్ల గోడ లేపాలి. అదే ఇంటిని నాలుగున్నర మీటర్ల లోతు గల రెండు మట్టాలుగా విడదీస్తే తవ్వకం 81 ఘనపు మీటర్లకు తగ్గుతుంది. ఒక్కో కోత ఎత్తు ఒకటిన్నర మీటరు దాటదు.

తవ్వకంలో మిగిలేది డబ్బు మాత్రమే. గోడల విషయంలో మిగిలేది భద్రత. గోడ వెనుక మట్టి పీడనం లోతుతోపాటు పెరుగుతుంది, ఆ పీడనం పనిచేసే గోడ వైశాల్యమూ ఎత్తుతోపాటే పెరుగుతుంది గనుక, మొత్తం తోపు ఎత్తుకు వర్గానుపాతంలో ఉంటుంది. మట్టి రేణువులు ఒకదానిపై ఒకటి జారకుండా ఎంతవరకు నిలదొక్కుకోగలవో తెలిపే కొలతను అంతర్ఘర్షణ కోణం అంటారు. అది 30 డిగ్రీలున్న పొడి మట్టి 3 మీటర్ల గోడను ప్రతి మీటరు పొడవుకు దాదాపు 2.7 టన్నుల బలంతో నెడుతుంది. ఒకటిన్నర మీటర్ల గోడపై ఆ తోపు నాలుగో వంతే కనుక రెండు గోడలనూ కలిపినా సగానికి మించదు. గోడను పాదం దగ్గర పడదోయజూసే మెలిబలమైతే ఎత్తుకు ఘనానుపాతంలో ఉండటం వల్ల, పొట్టి గోడపై అది ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

అయితే ఈ లాభం రెండు గోడల మధ్య చాలినంత ఎడం ఉన్నప్పుడే దక్కుతుంది. వేర్వేరు మట్టాల్లో పునాదులు వేసేటప్పుడు, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న నేలల్లో వాటి అడుగు అంచులను కలిపే గీత 2 మీటర్ల అడ్డానికి 1 మీటరు నిలువు కంటే ఏటవాలుగా ఉండరాదని భారత ప్రమాణం ఐఎస్ 1904 నిర్దేశిస్తుంది. పై ఉదాహరణలో ఒకటిన్నర మీటరు ఎత్తుకు నాలుగున్నర మీటర్ల ఎడం ఉంది గనుక చిక్కులేదు; స్థలం చాలక మట్టాలను ఇరికిస్తే మాత్రం పై గది బరువు కింది గోడ మీదకు వస్తుంది.

ఇంతవరకు చెప్పినదంతా పొడి మట్టి సంగతి. గోడ వెనుక నీరు పైఅంచు వరకు నిలిస్తే, నీటి పీడనం కూడా తోడై, అదే 3 మీటర్ల గోడపై తోపు మీటరుకు సుమారు 6 టన్నులకు చేరుతుంది. మరోవైపు నానిన మట్టి తన పట్టునూ కోల్పోతుంది. 2024 ఆగస్టు 31న కుండపోత వానకు విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్లపై విరిగిపడి పలువురు మరణించారు. కొండవాలు ఇంట్లో అన్నిటికంటే ముందు గీయవలసినది నీటి ప్లానని చెప్పడం అతిశయోక్తి కాదు. ఇంటికి ఎగువన అడ్డంగా కాలువ తవ్వి వాన నీటిని పక్కకు మళ్లించాలి. గోడ వెనుక కంకర పొర వేసి, అడుగున చిల్లుల పైపు పరిచి, గోడలో నీరు కారే రంధ్రాలు వదలాలి. ఇంకుడు గుంతను, సెప్టిక్ ట్యాంకును గోడకు ఎగువన పెట్టరాదు. రిటైనింగ్ వాల్‌నే గది గోడగా వాడుకోవడం చవకగా కనిపించినా, రెంటినీ వేరుగా కట్టి నడుమ గాలి, నీరు పోయే సందు వదలడమే మేలు, ఎందుకంటే ఒకసారి మట్టి వైపు నుంచి చెమ్మ దిగాక లోపలి నుంచి ఎన్ని పూతలు పూసినా అది ఆగదు.

కొండ రాతి స్వభావమూ తెలియాలి. విశాఖపట్నం కొండల్లో విస్తారంగా ఉన్న ఖొండలైట్ శిల పొరలు పొరలుగా ఉండి, ఎండకూ వానకూ తేలికగా శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. ఆ పొరలు కొండ లోపలికి వాలి ఉంటే కోత కొంతవరకు నిలబడుతుంది గాని, కోత వైపుకే వాలి ఉంటే పాదం తొలగించగానే పై పొర జారడానికి దారి దొరుకుతుంది.

దిగువన పోసిన మట్టిని ఎంత దిమ్మిస కొట్టినా కాలక్రమంలో కొంత కుంగుతుంది, కోసిన గట్టి నేల కుంగదు. కాబట్టి పునాదులన్నీ పోత మట్టిని దాటి సహజమైన నేలలోకి దిగకపోతే, ఆ రెండు నేలలూ కలిసే చోట ఇల్లు బీటలు వారుతుంది.

ఇక భూకంపం మాట. నిలువు పిల్లర్ పక్కకు వంగకుండా చూపే నిరోధం దాని పొడవు ఘనానికి విలోమంగా మారుతుంది. అంటే పొడవు సగమైన పిల్లర్ ఎనిమిది రెట్లు బిగుసుకుని, నేల కంపించినప్పుడు అంతకు తగ్గ బలాన్ని తనవైపు లాక్కుంటుంది. ఆ బలానికి తగ్గ ఇనుము లేకపోతే ఏటవాలుగా పగిలిపోతుంది. గోడను కాపాడిన ఘనానుపాతమే ఇక్కడ ఎదురుతిరుగుతుంది. పైగా స్ప్లిట్ లెవల్ ఇంట్లో ఇరువైపుల స్లాబులు మధ్య పిల్లర్లను వేర్వేరు ఎత్తుల్లో తాకి, వాటిని ఒకటిన్నర మీటర్ల పొట్టి ముక్కలుగా మారుస్తాయి. అందుచేత మట్టం మారే చోట పిల్లర్ల బదులు ఆర్‌సీసీ గోడ పోయడమో, పిల్లర్లకు మొత్తం ఎత్తునా దగ్గర దగ్గరగా రింగులు కట్టడమో, రెండు భాగాలను సందు వదిలి విడివిడి చట్రాలుగా నిలపడమో చేయాలి. ఈ పని మేస్త్రీ అనుభవానికి వదిలేయదగినది కాదు.

గదులను ఎత్తుపల్లాల్లో పేర్చడానికి కొండే ఉండాలన్న నియమం లేదు. గది పనిని బట్టి దాని ఎత్తు ఉండాలని భావించిన వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ ప్రాగ్ నగరంలో 1930లో పూర్తయిన ముల్లర్ విల్లాలో గదులను అనేక మట్టాల్లో అల్లాడు. అయితే ఆ స్థలం వాలుగా ఉండటమూ ఆయనకు కలిసివచ్చింది. మన వాతావరణంలో ఇలాంటి అమరికకు మరో ఉపయోగం ఉంది: పై మట్టంలో ఎత్తుగా కిటికీ పెడితే వేడిగాలి మెట్లదారి గుండా పైకెక్కి బయటకు పోతుంది. ఏసీ పెట్టినవారికి మాత్రం ఇదే దారి ఖర్చు, ఎందుకంటే పై గదిలో చల్లబడిన గాలి తలుపు లేని చోట కింది హాలులోకి జారిపోతుంది.

ఈ ఇళ్ల నిజమైన లోపం మెట్లు. ఒకటిన్నర మీటరు ఎక్కడానికి 15 సెంటీమీటర్ల చొప్పున పది మెట్లు చాలు గాని, చక్రాల కుర్చీకి తగిన 1కి 12 వాలుతో ర్యాంపు వేయాలంటే 18 మీటర్ల పొడవు కావాలి. అది 9 మీటర్ల లోతున్న ఇంటికి రెట్టింపు. అందువల్ల వీధి తలుపు ఏ మట్టంలో తెరుచుకుంటుందో అదే మట్టంలో ఒక పడకగదిని, స్నానాలగదిని, వంటగదిని సర్దాలి. వీధి ఎగువన ఉంటే ఈ ఏర్పాటుకు మరో కారణమూ తోడవుతుంది: దిగువ మట్టంలోని మురుగు వీధి కాలువలోకి దానంతట అది ఎక్కలేదు, పంపుతో తోడాలి, కరెంటు పోయినప్పుడు ఆ పంపు ఆగుతుంది.